మా ఇంట్లో అమ్ముడుపోయిన పెట్టె

నా చేతిలో ఉన్నదేంటో చెప్పగలరా? మాడిపోయిన అప్పడం ముక్కలా ఉంది కదా. ఒక్క నిమిషం, దీని వెనకాల ఫోన్ టార్చ్ పెడతా. ఇప్పుడు చూడండి. ఎర్రటి చెయ్యి, వేళ్ళు, మణికట్టు నిండా గాజులు. ఆ గాజులు రంగుతో వేసినవి కావు. అన్నీ కన్నాలే. తోలులో ఉలితో కొట్టిన కన్నాల్లోంచి వెలుగు వస్తేనే అవి గాజులవుతాయి. ఇది సీతమ్మ బొమ్మ కుడిచెయ్యి. మా తాత చేసిన బొమ్మల్లో మాకు మిగిలింది ఇదొక్కటే. మిగతా సీతమ్మ ఎక్కడుందో తెలీదు.

ఆ కథే ఈరోజు.

మాది తోలుబొమ్మలాట కుటుంబం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట పేరు మీరు వినే ఉంటారు. 2020లో ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ ప్రకటించారు. మాది ఆ ఊరు కాదు గానీ అదే అనంతపురం సీమ, అదే పని. మా ఇంట్లో ఒక వింత ఉంది. మేం మాట్లాడుకునేది ఒక రకం మరాఠీ. ఆరె భాష అంటారు. బొమ్మలు మాట్లాడేది మాత్రం తెలుగు. మా అవ్వ పొయ్యి దగ్గర మమ్మల్ని తిట్టేది మరాఠీలో, తెర వెనక సీతమ్మగా ఏడ్చేది తెలుగులో. చిన్నప్పుడు నాకు దేవుళ్ళంతా తెలుగువాళ్ళు, మేం మాత్రమే వేరే అనిపించేది.

మరాఠాలు దక్షిణానికి వచ్చిన రోజుల్లో వాళ్ళతో పాటు మా వాళ్ళూ వచ్చారని పెద్దలు చెబుతారు. కానీ 13వ శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటల గురించి రాశాడు. అంటే మా వాళ్ళు రాకముందే ఈ ఆట ఇక్కడుంది. 'వేల ఏళ్ళుగా మా వంశంలో ఉన్న కళ' అని స్టేజీ మీద చెప్పడం బాగుంటుంది, నేనూ రెండుసార్లు చెప్పాను. ఇప్పుడు చెప్పను. మేం వచ్చి చేరినవాళ్ళం. వచ్చి, నేర్చుకుని, ఇదే మా ఇల్లు అనుకున్నవాళ్ళం. నాకైతే ఇదే ఇంకా బాగుంది.

లేపాక్షి మాకు దూరమేం కాదు. మొదటిసారి వీరభద్రస్వామి గుడికి వెళ్ళి, మండపం కప్పు కేసి తలెత్తి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. 16వ శతాబ్దం బొమ్మలవి. పక్కకి తిరిగిన ముఖాలు, పెద్ద పెద్ద కళ్ళు, చీర మీద ఖాళీ లేకుండా డిజైన్లు. ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారో నేను చెప్పలేను. మా పెట్టెలోంచి లేచి వెళ్ళి కప్పుకు అతుక్కున్నట్టు ఉన్నారంతా.

ఆట సంగతి చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది రీల్‌లో ముప్ఫై సెకన్లు చూసి ఉంటారు. అసలు ఆట రాత్రి భోజనాలయ్యాక మొదలైతే తెల్లారేదాకా. తెల్ల పంచెలు కలిపి కట్టిన తెర. వెనకాల ఆముదం దీపాలు. ఒక్కో బొమ్మ మనిషంత ఎత్తు, రాముడు, రావణుడు ఇంకా పెద్దగా. కదలకుండా నిలబడాల్సిన బొమ్మని ఈతముల్లుతో తెరకి గుచ్చేవాళ్ళు. మా తాత కాళ్ళ కింద చెక్కపలకలు ఉండేవి. యుద్ధం వస్తే వాటి మీద దబదబా తొక్కేవాడు. చేతుల్లో బొమ్మ, నోట్లో పద్యం, కాళ్ళతో యుద్ధం, అన్నీ ఒక్కడే. అవ్వ పక్కన కూర్చుని హార్మోనియం మెట్లు నొక్కుతూ ఆడవేషాలన్నింటికీ గొంతు ఇచ్చేది. కథ బరువెక్కి జనం కునికిపాట్లు పడుతుంటే జుట్టుపోలిగాడు, బంగారక్క దిగేవాళ్ళు. వాళ్ళ మాటలు ఇక్కడ చెబితే ఈ వీడియో తీసేస్తారు. ఊళ్ళో పెద్దరెడ్డినైనా బంగారక్క ఏకిపారేసేది, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. తోలుబొమ్మ మీద కేసు పెట్టేదెవరు!

వానలు రాకపోతే విరాటపర్వం ఆడమని ఊళ్ళు పిలిచేవి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మరి. పంట వస్తే గింజలిచ్చేవాళ్ళు. ఇక్కడే చిక్కు. పంట రాని ఏడు మమ్మల్ని ఎక్కువగా పిలిచేవాళ్ళు, ఇవ్వడానికి మాత్రం వాళ్ళ దగ్గర ఏమీ ఉండేది కాదు.

సినిమా టెంట్లు వచ్చాయి, తర్వాత టీవీ వచ్చింది. ఇది మీకు తెలిసిన కథే, వదిలేద్దాం.

నాకు ఆరేళ్ళప్పుడు వరుసగా కరువు. ఒక వ్యాపారి వచ్చాడు. పాత బొమ్మలు కావాలన్నాడు. మా నాయన పెట్టె తెరిచాడు. వెదురుతో అల్లిన పెద్ద పెట్టె అది. అందులో దేవుళ్ళ బొమ్మలు పైన, రాక్షసుల బొమ్మలు కింద, కలిపి పెట్టకూడదని తాత లెక్క. కొన్నిటి తోలు జింకది అనేవాళ్ళు, పాతకాలంలో దేవుళ్ళకి అదే వాడేవాళ్ళట. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక ఆ మాటే లేదు, అంతా మేకతోలే. వ్యాపారి బొమ్మల్ని ఒక్కొక్కటీ ఎండకి పెట్టి చూశాడు. బేరం మొత్తం పెట్టెకి కలిపి కుదిరింది. తాత ఆ రోజంతా చేను గట్టున కూర్చున్నాడు. ఇంటికి రాలేదు.

మీకు తెలియాల్సిన విషయం ఒకటుంది. మాలో బొమ్మ పాతబడి చిరిగిపోతే పారెయ్యరు. పూజ చేసి ఏట్లో వదులుతారు. మనిషికి చేసినట్టే. అంటే బొమ్మకి చావు ఉంది, అమ్మకం లేదు. మా నాయన చేసింది ఆయనకి తెలుసు. తర్వాత ఇరవై ఏళ్ళు మా ఇంట్లో ఎవరూ 'పెట్టె' అన్న మాట ఎత్తలేదు. బట్టలు పెట్టుకునేదాన్ని కూడా డబ్బా అనేవాళ్ళం.

నేను పెద్దయ్యాక నాయన మీద కోపం పెంచుకున్నా. దేశవిదేశాల మ్యూజియంలలో మన తోలుబొమ్మలు అద్దాల వెనక ఉన్న ఫొటోలు వెతికి వెతికి చూసేదాన్ని, మా తాత చెయ్యి కనబడుతుందేమోనని. ఒక రాత్రి లెక్కేసుకున్నా. ఆ డబ్బు వచ్చిన నెలలోనే మా చెల్లికి జ్వరం తగ్గింది, నా పేరు బడిలో రాయించారు. ఆ రోజు నుంచి కోపం పోలేదు గానీ, దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియకుండా పోయింది.

ఇప్పుడు నాయన, నేను ల్యాంప్‌షేడ్లు చేస్తాం. మేకతోలు వేడినీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఎండలో లాగి కడితే పల్చగా, వెలుగు పారేలా అవుతుంది. దాని మీద గీసి, కన్నాలు కొట్టి, రంగులు వేసి అమ్ముతాం. 'రాముణ్ణి బల్బుకి చుట్టారా' అని వెక్కిరించేవాళ్ళు ఉన్నారు. ఉండనీ. మా ఇంటి కరెంటు బిల్లు ఆ రాముడే కడుతున్నాడు.

పోయినేడు నాకు బంగారక్కని మళ్ళీ చెయ్యాలనిపించింది. చూసి గీయడానికి బొమ్మ లేదు. ఉన్నది అవ్వ ఒక్కతే, ఎనభై దాటింది, చూపు సరిగ్గా లేదు. నేను గీసి కన్నాలు కొట్టి ఇస్తే, ఆమె వేళ్ళతో తడిమి చెప్పేది. 'నడుము ఇంకా వంకరుండాల', 'దీనికి సిగ్గెక్కువైంది, ఇది బంగారక్క కాదు' అని. నాలుగు తోళ్ళు పాడయ్యాయి. అవ్వ మతిలో ఉన్నది బొమ్మ రూపం కాదని అప్పుడు అర్థమైంది. ఆమెకి గుర్తున్నది మాటలు. బంగారక్క ఏ మాటకి నడుము తిప్పుతుందో చెప్పి, దాన్నిబట్టి నడుము ఎక్కడ కుట్టాలో చెప్పేది. ఐదో బొమ్మ కుదిరింది.

కన్నాల వరస మాత్రం ఈ చెయ్యి నేర్పింది. మూడు చిన్నవి, ఒక పెద్దది, మళ్ళీ మూడు చిన్నవి. తాత సంతకం పెట్టడం ఎరగడు. ఇదే ఆయన సంతకం. కాగితం మీద దించుకున్నా. ఇప్పుడు నేను చేసే ప్రతి గాజూ అలాగే ఉంటుంది, ల్యాంప్‌షేడ్ మీద కూడా.

ఒక సాయంత్రం ఇంట్లోనే దుప్పటి కట్టి ఎల్‌ఈడీ బల్బు పెట్టా. అవ్వ 'ఇదేం వెలుగు, బొమ్మ ఊపిరి తీసుకోడం లే' అంది. నిజమే, దీపం వణికితేనే బొమ్మ వణుకుతుంది. నూనె దీపం వెలిగించా. అవ్వ గొంతు సవరించుకుని బంగారక్కయింది. పక్కింటి పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. నాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు. కాసేపటికి బయట చెక్కపలక మీద కాలితో తాళం వినబడింది.

ఇక ఈ చెయ్యి. కొత్త సీతమ్మకి దీన్ని కడదామనుకున్నా. అవ్వ ఒప్పుకోలేదు. చిరిగిన అంగాన్ని కొత్త ఒంటికి కట్టకూడదట, ఏట్లో వదలాల్సిందే అంది. నేను ఇవ్వనన్నా. నాయన్ని అడిగితే ఎటూ చెప్పలేదు. చివరికి అవ్వే, 'సరే, చిత్రావతిలో నీళ్ళొచ్చినప్పుడు చూద్దాంలే' అంది. మా చిత్రావతి సంగతి మీకు తెలుసుగా. ఇసుకే ఎక్కువ. అందుకే ఇది ఇంకా నా దగ్గరే ఉంది.