మోటబావి నుంచి బోరుబావి దాకా – నీళ్ళ పర్మిషన్ల కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శి గారు అడిగినప్పుడు కోటల గురించో, గుళ్ళ గురించో రాద్దామనుకున్నాను. కాని మొన్న పింఛను రోజున బ్యాంకు వరండాలో కూర్చున్న నలుగురమూ మాట్లాడుకున్నది బోర్ల గురించే. ఒకాయన ఇంట్లో బోరు ఎండింది. ఇంకొకాయన కొడుకు నీళ్ళ ప్లాంటు పెడతానంటున్నాడు, దానికి ఏ కాగితాలు కావాలో తెలియదు. మనలో చాలామందిమి ఆ కాగితాలు రాసిన చేతులవాళ్ళమే. కనుక ఆ కాగితాల చరిత్రే రాస్తున్నాను.

నేను 1974లో కరీంనగర్ జిల్లాలోని ఒక తాలూకా కచేరీలో ఎల్.డి. క్లర్కుగా చేరి, 2008లో పదవీ విరమణ చేశాను. నడుమ ఏడాదిన్నర ఆదిలాబాద్ జిల్లాలో డిప్యుటేషను మీద ఉన్నాను. చూసినదీ, చదివినదీ కలిపి చెబుతున్నాను.

పొత్తుల బావుల కాలం

నిజాం కాలంలో మన భూములను ఖుష్కీ, తరీ, బాగాత్ అని మూడు రకాలుగా రాసేవారు. ఖుష్కీ అంటే మెట్ట, తరీ అంటే చెరువు, కాలువ కింది తడి భూమి, బాగాత్ అంటే తోట భూమి. సర్కారుకు కావలసింది శిస్తు. బావి ఎంత లోతు తవ్వాడు, ఎన్ని నీళ్ళు తోడాడు అన్నది సర్కారుకు అక్కరలేని ముచ్చట. అటు బ్రిటిషు ఇండియాలో 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం వచ్చిన తరువాత, ఎవరి భూమి కింది నీళ్ళు వారివే, తన హద్దులో ఎంత తోడుకున్నా పక్కవాడు అడగడానికి వీల్లేదన్న అభిప్రాయం గట్టిపడింది. మన రైతు మనసులోనూ ఇప్పటికీ ఉన్నది ఆ అభిప్రాయమే.

అయినా ఆనాడు నీళ్ళకు ఒక కట్టడి ఉండేది. అది కాగితం మీద రాసిన కట్టడి కాదు. మోట కొట్టేటప్పుడు ఎడ్ల బలమెంతో నీళ్ళు అంతే. పగలంతా కొడితే ఎడ్లు అలిసిపోతాయి, రాత్రంతా బావి ఊరుతుంది. అన్నదమ్ముల పొత్తుల బావి అయితే రోజుకొకరి వంతు. వంతు తప్పినవాణ్ణి పెద్దమనుషులు కూర్చుండబెట్టి అడిగేవారు. లైసెన్సు లేకుండానే లైసెన్సు పని జరిగిపోయేది.

మన రెండు జిల్లాల నేల సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. కరీంనగర్ జిల్లాలో చాలా భాగం నల్లరాతి నేల. పైన మెత్తబడిన మొరం పొరలో, దాని కింద రాతి పగుళ్ళలో మాత్రమే నీళ్ళుంటాయి. పగులు తగలకపోతే ఎంత లోతు పోయినా దుమ్మే వస్తుంది. ఆదిలాబాద్ పడమటి వైపు, ఉట్నూరు గుట్టల వైపు నల్లరేగడి కింద దక్కను లావా రాయి. వెయ్యి మిల్లీమీటర్లు దాటే వాన పడినా ఆ నేల ఎక్కువ దాచుకోదు, వాగుల వెంట పోతుంది. అందుకే ఏజెన్సీ గూడేల్లో ఎండాకాలం వాగు ఇసుకలో చెలిమెలు తవ్వుకుని చెంబులతో నీళ్ళు తోడుకునేవారు. గోదావరి వెంట రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి వైపున్న ఇసుకరాయి మాత్రం నీళ్ళు బాగా పట్టుకుంటుంది. కాని బొగ్గు బావుల్లో పని సాగాలంటే ఆ నీళ్ళు తోడి పారబోయక తప్పదు.

అప్పు కాగితమే తొలి లైసెన్సు

నేను కొలువులో చేరేనాటికి 1972 కరువు జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది. బావి తవ్వుకోవడానికి తకావీ అప్పులు, భూమి తనఖా బ్యాంకు అప్పులు ఇచ్చేవారు. ఆయిల్ ఇంజన్లు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి. రాష్ట్రంలో భూగర్భ జల శాఖ 1971లో ఏర్పడింది. 1982లో నాబార్డు వచ్చింది. బ్యాంకు అప్పు కావాలంటే రెండు బావుల నడుమ ఇంత దూరం ఉండాలన్నారు. 1984లో ఒక జాతీయ సంఘం లెక్కల పద్ధతి ఖాయం చేసింది. ఏటా ఇంకే నీళ్ళలో 65 శాతం లోపు తోడే ప్రాంతం తెలుపు, 65 నుంచి 85 దాకా బూడిద రంగు, 85 దాటితే నలుపు. నల్ల ప్రాంతంలో కొత్త బావికి అప్పు లేదు.

గమనించండి, ఇది చట్టం కాదు. అప్పు తీసుకునేవాడికే ఈ నియమం. ఇంట్లో రూకలున్నవాడు, షావుకారు దగ్గర వడ్డీకి తెచ్చుకున్నవాడు నలుపైనా తెలుపైనా తవ్వుకోవచ్చు. అంటే నియమం పాటించినవాడు బీద రైతు, నియమం అంటనివాడు ఉన్నవాడు. ఈ లోపం తరువాతి చట్టాల్లో కూడా పూర్తిగా పోలేదని నా అభిప్రాయం.

ఇదే కాలంలో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, బోరు బండి. అంతకుముందు ఏడాది పట్టే బావి పని ఒక్క రాత్రిలో అయిపోయే రోజులు వచ్చాయి. రెండు, 1980ల ఆరంభంలో వ్యవసాయ మోటార్లకు మీటరు పోయి హార్సుపవరుకు ఇంత అని స్లాబు వచ్చింది. గంట నడిచినా పది గంటలు నడిచినా బిల్లు ఒకటే. ఎడ్ల అలసట, బిల్లు భయం, రెండు కట్టళ్ళూ తెగిపోయాయి. 2004లో ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో ఇరవైనాలుగు గంటల కరెంటు వచ్చాయి. రైతుకు ఇవి మేలు చేసినవే, కాదనను. అయితే 2017లో ఉమ్మడి కరీంనగర్, మెదక్, నల్గొండ జిల్లాల్లో ప్రయోగంగా రాత్రింబవళ్ళు కరెంటు ఇచ్చినప్పుడు, మోటార్లకున్న ఆటోస్టార్టర్లు తీసేయండని అధికారులే ఊరూరా తిరిగి చెప్పవలసి వచ్చింది. కరెంటు వచ్చిన క్షణాన అన్ని మోటార్లూ వాటంతట అవే నడిస్తే బావుల గతి ఏమిటన్నదే వారి భయం.

చట్టం వచ్చిన తీరు

భూగర్భ జలంపై రాష్ట్రాలు చట్టం చేసుకోవాలని కేంద్రం 1970లోనే ఒక నమూనా బిల్లు పంపింది. మన రాష్ట్రంలో కదలిక వచ్చింది 1996లో. ఆ యేటి చట్టం తాగునీటి వరకే పరిమితం. ఊరి తాగునీటి బావికి దగ్గరలో అనుమతి లేకుండా కొత్త బావి తవ్వరాదన్నది దాని సారం. అదే ఏడాది డిసెంబరులో సుప్రీం కోర్టు ఆదేశించగా, 1997 జనవరిలో కేంద్ర భూజల ప్రాధికార సంస్థ ఏర్పడింది.

2000లో నీరు–మీరు కార్యక్రమంతో ఇంకుడు గుంతల మాట ఊరూరా వినబడింది. ఆ తరువాత వచ్చిందే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం. ఆంగ్ల అక్షరాలు కలిపి అందరమూ వాల్టా అంటున్నాము. ఇది 1996 చట్టాన్ని తనలో కలుపుకున్నది. తెలంగాణ ఏర్పడ్డాక మన రాష్ట్రం దీన్నే ఉంచుకున్నది. ముఖ్యమైన సంగతులు ఇవి: ఉన్న బావులన్నీ రిజిస్టరు చేయించాలి. కొత్త బోరుకు ముందుగా అనుమతి తీసుకోవాలి. ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల సొంత సాగుకో వ్యాపారానికో అనుమతి లేకుండా తవ్వరాదు. మితిమీరి తోడిన ప్రాంతమని ప్రకటించిన చోట తాగునీటికి తప్ప కొత్త బోరు లేదు. బోరు బండి యజమాని కూడా రిజిస్టరు కావాలి. ఇళ్ళ మీద పడ్డ వాన నీరు ఇంకే ఏర్పాటు ఉండాలి. చెట్ల నరికివేత, వాగుల ఇసుక కూడా ఈ చట్టం కిందికే వచ్చాయి. ఇసుక తీసేస్తే వాగు పక్క బావి ఎండుతుందని మానేరు ఒడ్డు రైతుకు ఏ చట్టమూ చెప్పనక్కరలేదు.

రిజిస్టరులో కనిపించనిది

వాల్టా వచ్చిన కొత్తలో ఆ దరఖాస్తుల రిజిస్టరు నా బల్ల మీదనే ఉండేది. దరఖాస్తు తహసీల్దారుకు రావాలి, భూగర్భ జల శాఖ జియాలజిస్టు వచ్చి చూడాలి, తరువాతే అనుమతి. కాని వచ్చిన దరఖాస్తులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఊళ్ళలో బోరు బండ్ల చప్పుడు మాత్రం రాత్రిళ్ళు ఆగేది కాదు. కొబ్బరికాయ అరచేతిలో పట్టుకుని నీళ్ళు చూసేవాడు చెప్పిన చోట బొక్క వేయడం, పడకపోతే పక్కన ఇంకొకటి వేయడం. మూడు బోర్లు ఫెయిలై అప్పులపాలైన రైతు మా కచేరీ మెట్ల మీద కూర్చుని, "సారూ, ముందే మీ దగ్గరికి వస్తే బాగుండు" అన్నాడు. ముందే వస్తే ఆ నేలలో పగుళ్ళు ఎక్కడున్నవో జియాలజిస్టు పరికరంతో చూసి చెప్పేవాడు. అనుమతి అంటే అడ్డంకి అనుకున్నాడే గాని, సలహా అనుకోలేదు. అలా అనుకునేటట్లు మేమూ చెప్పలేదు.

ఇక నా సంగతి. దాచిపెట్టి రాస్తే ఈ వ్యాసానికి విలువ లేదు. రిటైరైన మరుసటి ఏడాది, గ్రాట్యుటీ సొమ్ముతో ఇల్లు కట్టుకున్నాను. బోరు వేయించాను. దరఖాస్తు పెట్టలేదు. నా చేతులతో ఆ రిజిస్టరు రాసిన నేనే, "ఒక్క ఇంటి బోరుకు ఏమవుతుందిలే" అనుకున్నాను. రెండువందల అడుగులకే నీళ్ళు పడ్డాయి, సంతోషపడ్డాను. మా ఇంటికి నాలుగు ఇళ్ళ అవతల వాడకట్టుకంతా ఒకటే సర్కారు బోరింగు ఉండేది. ఇంటి నీళ్ళతో ఆగక, వెనుక ఖాళీ జాగాలో కూరగాయలకూ, మామిడి మొక్కలకూ మోటారు పెట్టాను. మూడో ఎండాకాలం ఆ వాడకట్టు ఆమె ఒకామె బిందెతో మా గేటు దగ్గర నిలబడి, "సారూ, మీ మోటరు నడిస్తే మా బోరింగు దగ్గుతది" అన్నది. కోపంగా కాదు, ఉన్న మాట చెప్పింది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 250 మీటర్లన్న అంకె నేను ఎన్నిసార్లు రాశానో నాకే తెలుసు. మా బోరు నుంచి ఆ బోరింగుకు అరవై అడుగులు కూడా ఎక్కువ లేదు.

మర్నాడు తోటకు మోటారు బందు చేశాను. కచేరీకి పోయి, నా కంటె ముప్పై ఏళ్ళు చిన్న గుమస్తా ముందు నిలబడి, ఉన్నది ఉన్నట్టు దరఖాస్తు రాసిచ్చాను. జరిగిన తప్పు సరిచేసుకునే దారి చెప్పమన్నాను. ఇంటి కప్పు నీళ్ళన్నీ పైపుల ద్వారా ఒక గుంతలోకి దించి, రాళ్ళు, కంకర, ఇసుక పొరలు వేయించాను. బోరింగు మళ్ళీ పూర్తిగా కోలుకోవడానికి రెండు వానకాలాలు పట్టింది. అది నా గుంత వల్లనే అని చెప్పను, ఆ రెండేళ్ళూ వానలు బాగా పడ్డాయి. కాని ఆమె ఇప్పుడు నన్ను చూస్తే నవ్వి పలకరిస్తుంది.

ఇప్పుడు మనం చేయవలసింది

2016 అక్టోబరు 11న మన రెండు జిల్లాలూ విడిపోయి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల ఒక వైపు, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ మరొక వైపు అయ్యాయి. మీ కాగితం ఏ కచేరీలో ఉన్నదో ముందు తెలుసుకోండి. కొత్త బోరు వేసే ముందు తహసీల్దారు కార్యాలయంలో అనుమతి అడగండి. రిజిస్టరైన బండినే పిలవండి. అనుమతి కాగితం, కరెంటు కనెక్షను కాగితం, ఇంటి ప్లాను ఒకే ఫైలులో కుట్టి పెట్టండి. రేపు ఇల్లు అమ్మినా, పిల్లలు పంచుకున్నా అక్కరకొస్తాయి. పిల్లలు నీళ్ళ ప్లాంటో, ఫంక్షను హాలో, బండ్లు కడిగే షాపో పెడతామంటే, ఇంటి బోరు అనుమతి వ్యాపారానికి సరిపోతుందనుకోవద్దు. జిల్లా భూగర్భ జల శాఖలో విచారించి, ఆ పనికే అనుమతి తీసుకుని, తోడే నీటికి మీటరు పెట్టుకుని మొదలుపెట్టమనండి. యంత్రాలు కొన్న తరువాత అడిగితే అప్పు మిగులుతుంది, అనుమతి మిగలదు.

అన్నిటికంటె ముందు, ఎండిన బోరు నోరు మూయించండి. తెరిచి వదిలేసిన బోర్లలో పసిపిల్లలు పడి చనిపోతుంటే 2010లో సుప్రీం కోర్టు స్పష్టమైన ఆదేశాలిచ్చింది. బోరు వేయడానికి పదిహేను రోజుల ముందే అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. పని జరిగే చోట బోర్డు, చుట్టూ కంచె ఉండాలి. కేసింగు చుట్టూ సిమెంటు గద్దె, పైన ఇనుప మూత ఉండాలి. వదిలేసిన బోరును మట్టి, ఇసుక, రాళ్ళతో అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చాలి. ఇది ఖర్చు లేని పని. మన మనుమలు ఆడుకునే జాగా అది.

ముప్పై నాలుగేళ్ళు సర్కారు నియమాలు ఇతరుల చేత పాటింపజేసిన వాళ్ళము మనము. ఆ నియమం మన గేటు దగ్గరికి వచ్చినప్పుడు మనమే తప్పించుకుంటే, మిగతా వారిని అడిగే నోరు మనకుండదు. సంఘం తరఫున ప్రతి ఎండాకాలానికి ముందు ఒక ఆదివారం, సభ్యుల ఇళ్ళలో పాత బోర్లు ఎన్ని తెరిచి ఉన్నవో చూసి మూయించే కార్యక్రమం పెట్టుకుందామని నా మనవి. మొదటి ఆదివారం మా వాడకట్టు నుంచే మొదలుపెడదాము. చాయ ఏర్పాటు నాది.