మస్జిద్ ప్రాంగణంలో రోగి గుడారం

 



కొన్నేళ్ళ క్రితం ఎల్లారెడ్డి ప్రాంతానికి చెందిన ఒక యువకుడు కామారెడ్డిలో జుమా నమాజు ముగిశాక మా వద్దకు వచ్చాడు. అతని తండ్రికి కేన్సర్ ముదిరింది. “హజ్రత్, ఇక నయం కాదన్నారు. నొప్పికి మార్ఫిన్ ఇస్తామంటున్నారు. అది నల్లమందు నుండి తీసేదట. అబ్బాకు ఇవ్వవచ్చా?” అని అడిగాడు. మేము ఏ వైద్యుణ్ణీ విచారించకుండానే, “మత్తుకు దూరంగా ఉండండి, సబ్ర్ వహించండి” అని చెప్పి పంపాము. ఆ పెద్దమనిషి చివరి రోజులు బాధతో అరుస్తూ గడిపారు. కలిమా వినిపిస్తే వినే స్థితి కూడా ఆయనకు లేకపోయింది. జనాజా నమాజు మేమే చదివించాము. మా జవాబు తప్పని తరువాత గ్రంథాలు తిరగేసినప్పుడు తెలిసింది. ఆ తప్పు మరొకరి ఇంట జరగరాదనే నేటి ఈ ప్రసంగం.

నయం కాని వ్యాధితో ఉన్నవారికి నొప్పి, ఆయాసం, భయం తగ్గించి, చివరిదాకా గౌరవంగా చూసుకోవడాన్ని నేడు హాస్పిస్ సేవ అంటున్నారు. పేరు కొత్తదే కాని, పని మనకు కొత్త కాదు.

హిజ్రీ 5వ సంవత్సరంలో, అంటే క్రీ.శ. 627లో, ఖందక్ యుద్ధం జరిగింది. అందులో ఔస్ తెగ నాయకుడు హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) చేతి రక్తనాళానికి బాణం తగిలింది. దైవప్రవక్త (స) ఆయన కోసం మస్జిదె నబవీలోనే గుడారం వేయించారు. దగ్గరగా ఉండి తరచూ పరామర్శించడానికే ఆ ఏర్పాటు. అస్లమ్ తెగకు చెందిన హజ్రత్ రుఫైదా (రజి) అక్కడ క్షతగాత్రులకు సేవ చేసేవారని సీరత్ గ్రంథకర్తలు రాశారు. కాని గాయం మళ్ళీ తెరుచుకుంది, రక్తం గుడారం బయటికి పారింది, సాద్ (రజి) మరణించారు. గమనించండి! ఆయన కోలుకోలేదు. అయినా ఆ సేవ వృథా అని ఎవరూ అనలేదు.

హిజ్రీ 11లో (క్రీ.శ. 632) దైవప్రవక్త (స) స్వయంగా అంతిమ వ్యాధికి లోనయ్యారు. హజ్రత్ ఆయిషా (రజి) గదిలో ఉండాలని వారి మనసు. మిగతా సతీమణులు అందుకు సమ్మతించారు. ఒకసారి వారు సైగతో వద్దన్నా ఇంటివారు నోటిలో మందు పోశారు. తెలివి వచ్చాక వారు దానిని తీవ్రంగా ఆక్షేపించారు. ఎక్కడ ఉండాలి, ఏ మందు వద్దు అన్న రోగి మాటకు విలువ ఉందని ఈ రెండు సంఘటనలూ మనకు నేర్పుతున్నాయి.

తరువాతి ముస్లిం పాలకులు ఈ సేవను వక్ఫ్ ఆదాయంతో నిలబెట్టారు. 1154లో సుల్తాన్ నూరుద్దీన్ జంగీ దమస్కులోను, 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలోను బీమారిస్తాన్‌లు, అంటే ఆసుపత్రులు, నెలకొల్పారు. కైరో ఆసుపత్రి ధనిక, పేద భేదం లేకుండా అందరికీ తెరిచి ఉండేది. అక్కడ మరణించినవారి గుస్ల్, కఫన్ ఖర్చులు కూడా వక్ఫ్ భరించేది. మన దక్కన్‌లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో హైదరాబాద్‌లో దారుష్షిఫా కట్టించాడు. ఆ పేటను నేటికీ అదే పేరుతో పిలుస్తున్నాము.

ఆధునిక కాలంలో సిసిలీ సాండర్స్ అనే వైద్యురాలు 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించింది. నొప్పి శరీరానికే కాదు, మనసుకు, కుటుంబానికి, ఆత్మకు కూడా ఉంటుందని ఆమె బోధించింది. మన దేశంలో 1986లో ముంబైలో శాంతి అవేద్న సదన్, 1993లో కాలికట్‌లో పాలియేటివ్ కేర్ సొసైటీ వెలిశాయి. కేరళలో పొరుగువారే వాలంటీర్లుగా రోగుల ఇళ్ళకు వెళ్ళే పద్ధతి వేళ్ళూనుకుంది. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడం కష్టమైంది. 2014 సవరణ ఆ చిక్కును కొంత సడలించింది.

హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో ఈ సేవకు ప్రత్యేక విభాగం ఉంది. 2011లో స్థాపితమైన స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవలందిస్తోంది. రాష్ట్ర ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు తెరిచి, ‘ఆలన’ పేరుతో ఇంటికే వచ్చే బృందాలనూ ఏర్పాటు చేసింది. 2016 నుండి కామారెడ్డి మనకు జిల్లా కేంద్రం. కనుక పొలం అమ్మి హైదరాబాద్ బయలుదేరే ముందు, జిల్లా ఆసుపత్రిలో ఈ సేవ గురించి ఒకసారి విచారించండి.

ఇక మన సందేహాలు. ఇది తవక్కుల్‌కు విరుద్ధమా? కాదు. నయమవుతుందన్న ఆశ లేని చికిత్సను ఫుఖహాలలో అధికులు తప్పనిసరి విధిగా ఎంచలేదు. ఇది ప్రాణం తీయడమా? కానే కాదు. ప్రాణం తీయడం హరామ్. హాస్పిస్ మరణాన్ని తొందరపెట్టదు, బలవంతంగా ఆపాలనీ చూడదు. మార్ఫిన్ మాటేమిటి? వైద్యుని పర్యవేక్షణలో, అవసరమైన మోతాదులో, నొప్పి కోసం వాడటం అనుమతించబడినదే. ఆనాడు ఆ యువకునికి మేము చెప్పవలసిన మాట ఇదే.

నొప్పి తగ్గితే రోగికి ఎంత మేలో ఆలోచించండి. కూర్చుని గాని, పడుకుని గాని, సైగలతో గాని నమాజు చేసుకోగలడు. అప్పులు చెప్పగలడు, వసీయత్ రాయించగలడు, క్షమాపణ కోరగలడు, క్షమించగలడు. ప్రశాంతంగా కలిమా వినగలడు. సబ్ర్ అంటే తీర్చగలిగిన బాధను తీర్చకుండా వదలడం కాదు.

ఇంట్లో సేవ చేసే ఇల్లాలినీ, కూతురినీ మరువకండి. ఒక్క రాత్రి మీరు మేలుకుని ఉండి, ఆమెను నిద్రపోనివ్వండి. ప్రతి మస్జిద్ కమిటీ తన మొహల్లాలో మంచం పట్టినవారి పేర్లు రాసుకుని, వారంలో ఒకసారి వారి గడప తొక్కాలి. ఈ పనిని వచ్చే శుక్రవారం లోపు మా మస్జిద్ నుండే మొదలుపెడుతున్నాము.

యా అల్లాహ్! రోగులకు స్వస్థతనూ, అది నీ నిర్ణయంలో లేనివారికి ఉపశమనాన్నీ, ఈమాన్‌తో కూడిన ముగింపునూ ప్రసాదించు. తెలియక మేము చెప్పిన మాటలను మన్నించు. ఆమీన్.