రాణివాసం నుంచి లోక్‌సభకు

1962 ఎన్నికల్లో జైపూర్ మహారాణి గాయత్రీదేవి ఓట్ల కోసం ఊరూరా తిరిగారు. ఆమెకు టికెట్టిచ్చిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు మన నిడుబ్రోలు ఆచార్య రంగాయే. పోలైన 2,46,516 ఓట్లలో 1,92,909 ఆమెకే పడ్డాయి. గిన్నిస్ పుస్తకానికెక్కిన గెలుపది.

గ్వాలియర్ రాజమాత విజయరాజే సింధియా దారి వేరు. 1957లో గుణ నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచారు. పదేళ్లు తిరిగేసరికి అదే కాంగ్రెస్‌తో తెగతెంపులు చేసుకుని, మధ్యప్రదేశ్‌లో డి.పి. మిశ్రా ప్రభుత్వాన్ని పడగొట్టి, జనసంఘ్‌లో పెద్దదిక్కయ్యారు. ఎమర్జెన్సీలో ఈ ఇద్దరు రాణులకూ తీహార్ జైలు తప్పలేదు. 1980లో రాజమాత రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీని ఢీకొని ఓడారు. అయితే 1987లో రాజస్థాన్‌లోని దేవరాలాలో జరిగిన సతి ఘటన తర్వాత వచ్చిన సతీ నిరోధక చట్టాన్ని ఎదిరించిందీ ఈమే. ఆడవాళ్లకు సభలో చోటు చూపిన మనిషి ఆ ఆచారాన్ని వెనకేసుకురావడం ఇప్పటికీ మింగుడుపడదు.

తర్వాతి తరానికి కోటల్లేవు.

సుష్మా స్వరాజ్ 1999లో బళ్లారిలో సోనియాపై పోటీకి దిగి, కన్నడం నేర్చుకుని ప్రసంగించారు. ఓడినా పేరొచ్చింది. 2009 చివర్లో లోక్‌సభ ప్రతిపక్ష నేతయ్యారు. 2014 ఫిబ్రవరిలో తెలంగాణ బిల్లు గట్టెక్కుతుంటే, సోనియమ్మతో పాటు ఈ చిన్నమ్మనూ గుర్తుంచుకోమని తెలంగాణ జనాన్ని అడిగారు. ఇండోర్ నుంచి వరసగా 8 సార్లు గెలిచిన సుమిత్రా మహాజన్ అదే ఏడాది స్పీకరయ్యారు.

2023లో మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది ఓటేశారు, కాదన్నది ఇద్దరే. అమలును మాత్రం జనగణన, నియోజకవర్గాల పునర్విభజనతో ముడిపెట్టారు.