పైథాన్‌లో సంఖ్యామానాల మార్పిడి

పైథాన్ ప్రోగ్రామింగు భాషలో పూర్ణాంకాలను దశాంశ (ఆధారం 10), ద్వియాంశ (2), అష్టాంశ (8), షోడశాంశ (16) పద్ధతుల మధ్య మార్చుటకు అంతర్నిర్మిత ఫంక్షన్లు ఉన్నాయి. నిజానికి పూర్ణాంకానికి ఆధారమంటూ ఏదీ లేదు. ఆధారం ఉండేది దానిని రాసే తీరుకే. దశాంశంలో 250 అని రాసినా, షోడశాంశంలో ఎఫ్ఏ అని రాసినా పైథాన్ భద్రపరచే విలువ ఒక్కటే. కనుక మార్పిడి అనగా స్ట్రింగు నుండి పూర్ణాంకానికి, లేదా పూర్ణాంకం నుండి స్ట్రింగుకు వెళ్ళడమే.

స్ట్రింగు నుండి పూర్ణాంకానికి

ఇంట్ ఫంక్షనుకు స్ట్రింగును, దాని ఆధారాన్ని ఇస్తే పూర్ణాంకం లభిస్తుంది. ఆధారం 2 నుండి 36 వరకు ఉండవచ్చును. పది అంకెలు, 26 ఆంగ్ల అక్షరాలు కలిసి 36 గుర్తులు కావడమే ఈ పరిమితికి కారణం.

పూర్ణాంకం నుండి స్ట్రింగుకు

ఇందుకు బిన్, ఆక్ట్, హెక్స్ అను ఫంక్షన్లు ఉన్నాయి. వీటిలో బిన్ 2008లో వెలువడిన 2.6 కూర్పుతో వచ్చింది. ఇవి ఇచ్చేది స్ట్రింగు కాబట్టి రెండు ఫలితాలను కూడితే మొత్తం రాదు, అవి పక్కపక్కన అతుక్కుంటాయి.

ఇతర ఆధారాలకు ఫంక్షను లేదు, మనమే రాసుకోవాలి. ఉదాహరణకు 250ని 7 చేత వరుసగా భాగిస్తే శేషాలు 5, 0, 5 వస్తాయి. వాటిని చివరి నుండి మొదటికి చదివితే 505. సున్నను, రుణ సంఖ్యలను విడిగా చూసుకోవాలి. పైథాన్ భాగహారం ఫలితాన్ని కిందివైపుకు సవరిస్తుంది గనుక రుణ సంఖ్య భాగఫలం -1 వద్దనే నిలిచిపోయి, సున్న కోసం ఎదురుచూసే లూపు ఎన్నటికీ ముగియదు.

ముందున్న సున్న

పైథాన్ 2లో 010 అని రాస్తే 8 అని అర్థం. పదిని అందంగా మూడు అంకెలలో రాద్దామనుకున్నవారికి తప్పు తెలిసేది కాదు. 2008 నాటి పైథాన్ 3లో ఇది దోషం. అష్టాంశానికి ముందు సున్న, దాని పక్కన ఓ అక్షరం రాయాలి.

అయినా ప్రమాదం పూర్తిగా పోలేదు. యూనిక్స్ ఫైళ్ళ అనుమతులను అష్టాంశంలో చెప్పడం ఆనవాయితీ. ఛ్‌మోడ్ ఫంక్షనుకు అష్టాంశ 755 (దశాంశంలో 493) బదులు మామూలు 755 ఇస్తే అది అష్టాంశంలో 1363 అవుతుంది. అప్పుడు సొంతదారు ఫైలును చదవలేడు, ఇతరులు దానిలో రాయగలరు. పైథాన్ ఏ హెచ్చరికా చేయదు.

పెద్ద సంఖ్యలు

దశాంశ మార్పిడికి పట్టే కాలం అప్పట్లో అంకెల సంఖ్య వర్గానికి అనుగుణంగా పెరిగేది. దీనిని ఆసరాగా చేసుకొని సర్వర్లను స్తంభింపజేయవచ్చును గనుక 2022లో 4300 అంకెల పరిమితి విధించారు. ద్వియాంశ, అష్టాంశ, షోడశాంశాలకు ఈ పరిమితి వర్తించదు.