గంజి వెంట పోయిన ప్రాణం

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేరు మనలో చాలామంది వినే ఉంటారు. ఏ ధాన్యంలో ఎంత బలముందో, పసిపిల్లలకు ఏమి పెట్టాలో పత్రికలు చెప్పినప్పుడల్లా ఆ పేరు కనిపిస్తుంది. అయితే ఆ సంస్థ పుట్టినది తెలుగునాట కాదు. విచిత్రమేమంటే, ఏ వ్యాధిని శోధించడానికై అది పుట్టిందో ఆ వ్యాధికి మన దేశంలో ముఖ్యస్థానం మాత్రం మన తీరాంధ్రమే. డెల్టా అన్నం తిని పెరిగి, పటమటలో కాలం గడుపుతున్నవాడిని కనుక ఆ కథ చెప్పుకోవడం నా విధి అని తోచింది.

1918లో నీలగిరులలోని కూనూరులో, పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లోని ఒకే ఒక్క గదిలో రాబర్ట్ మెక్కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధిపై పరిశోధన ఆరంభించారు. 1925 నాటికి అది పోషకలోప వ్యాధులన్నిటినీ శోధించే విభాగమైంది. 1928లో పూర్తిస్థాయి పోషకాహార పరిశోధనాలయంగా రూపొందింది. 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969లో నేటి పేరు ధరించింది. ఇది సంస్థ జాతకం. ఇక అసలు కథకు వస్తాను.

బెరిబెరి సోకినవారికి కాళ్ళు తిమ్మిరెక్కి, నడక పట్టు తప్పుతుంది. మరొక రకంలో ఒళ్ళంతా నీరుపట్టి, గుండె బలహీనమై ప్రాణం పోతుంది. ఇది అంటువ్యాధి అనే చాలాకాలం భావించారు. జావా ద్వీపంలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు 1890ల నాటికి ఒక వింత గమనించారు. తెల్లగా పాలిషు పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. తవుడు పెట్టగానే అవి కోలుకున్నాయి. కూనూరులో మెక్కారిసన్ పావురాలపై ఇటువంటి ప్రయోగాలే చేశారు. మనం చాటతో చెరిగి పశువుకు వేసే తవుడులోనే మనిషి ప్రాణాన్ని నిలిపే పదార్థమొకటి ఉన్నది. దానినే తరువాత విటమిన్ బి1 అనీ, థయామిన్ అనీ పిలిచారు.

ఇక్కడొక చిక్కుప్రశ్న ఎదురైంది. వరి అన్నం తినేవారు దక్షిణదేశమంతటా ఉన్నారు. మరి బెరిబెరి మద్రాసు రాజధానిలో ముఖ్యంగా ఉత్తర సర్కారులనే, అనగా మన తీరాంధ్ర జిల్లాలనే ఎందుకు పట్టుకున్నది? నీటికి కరవున్న సీమ కాదే ఇది! బెజవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత కృష్ణా డెల్టా వరిపైరుతో పచ్చబడింది. అన్నపూర్ణ అని పేరు తెచ్చుకున్న నేలమీదే అన్నం తిన్నవారికి ఈ రోగమేమిటి?

సమాధానం బియ్యపు రకంలో ఉన్నది. తమిళ, మలయాళ దేశాలలో పలుచోట్ల ఉప్పుడు బియ్యం తినే అలవాటు. వడ్లను నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టిన పిమ్మట దంచుతారు. ఆ ఉడుకులో పైపొరలోని విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. ఆపైన మరపట్టినా అంతా పోదు. మన తీరంలో వాడుక పచ్చి బియ్యం. రోకటితో దంచుకున్నంత కాలం కొంత పొర గింజను అంటిపెట్టుకొని ఉండేది. బియ్యం మిల్లులు వచ్చి, మల్లెపువ్వు వంటి అన్నం మర్యాదకు గుర్తయిన తరువాత ఆ రక్షణ తొలగిపోయింది. గోదావరి జిల్లాల మిల్లులు ఉప్పుడు బియ్యం తయారుచేసి కేరళకు పంపుతూ ఉండటం తెలిసినదే. మేలిరకం రక్షణను పొరుగువారికి అమ్మి, తెల్లదనాన్ని మనం ఉంచుకున్నాం!

మెక్కారిసన్ అనంతరం కూనూరు సంస్థకు అధిపతియైన ఏక్రాయిడ్, ఆయన సహచరులు 1940లో భారతదేశపు బియ్యం సమస్యపై ఒక గ్రంథం వెలువరించారు. నష్టం మిల్లుతో ఆగదని అందులో చూపారు. బియ్యాన్ని పలుమార్లు కడిగితే మిగిలిన విటమినులో కొంత కడుగునీళ్ళలో పోతుంది. ఎసరు ఎక్కువపెట్టి గంజి వార్చితే మరికొంత పోతుంది. మన ఇళ్ళలో ఇది ఎటు పోయేదో తలచుకోండి. తవుడు పశువుకు, బియ్యం కడిగిన నీళ్ళు కుడితి తొట్టికి, గంజి కూడా చాలా ఇళ్ళలో అక్కడికే. గొడ్డు పుష్టిగా ఉండేది. ఇంటి ఇల్లాలు చప్పిడి పిండిపదార్థం తినేది.

ఆ ఇల్లాలు బాలింత అయితే కథ మరీ విషాదం. తల్లికి థయామిన్ చాలకపోతే ఆమె పాలలోనూ అది ఉండదు. తల్లి పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. రెండు మొదలు ఆరు నెలల వయసులో, బొద్దుగా ఉన్న బిడ్డే గొంతు రాక, శబ్దంలేని ఏడుపు ఏడ్చి, గంటలలో కన్నుమూయవచ్చు. ఏక్రాయిడ్, కృష్ణన్ ఇరువురూ మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణాలపై 1941లో పరిశోధన ప్రకటించారు. అటువంటి చావును దృష్టిదోషమనో, తల్లి నోచుకోలేదనో సరిపెట్టుకున్న ఇళ్ళు ఎన్నో! నేరం తల్లి నోములది కాదు, మిల్లుది.

ఈ ఒక్క ముడి విప్పడానికి ఎన్ని విద్యలు కావలసివచ్చాయో గమనించండి. రోగిని చూసే వైద్యుడు, విటమినును కొలిచే రసాయనవేత్త, పావురాలను పెంచే ప్రయోగశాల, ఊరూరా తిరిగి వంటింటి తీరు అడిగే సర్వే మనిషి, మరణాల లెక్క చూసే గణకుడు. ఒక్కరున్నా, మిగిలినవారు లేకపోతే సమాధానం దొరికేది కాదు. సంస్థ హైదరాబాదుకు వచ్చాక కూడా ఇదే పద్ధతి. జొన్నతిండి వారి పెల్లాగ్రాపై 1960లో గోపాలన్, శ్రీకంఠయ్య ప్రకటించిన పరిశోధన, నల్లగొండ ఫ్లోరోసిస్‌పై 1970లలో జరిగిన కృషి ఇందుకు ఉదాహరణలు.

మరొక సంగతి. థయామిన్ నిర్మాణాన్ని తేల్చి 1936లో కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ అనే అమెరికను రసాయనవేత్త మన నెల్లూరులోనే 1886లో బాప్టిస్టు మిషనరీ దంపతులకు జన్మించారు. 1910 ప్రాంతాన మనీలాలో తవుడు కషాయంతో బెరిబెరి శిశువులను బ్రతికించిన అనుభవమే ఆయనను జీవితమంతా ఈ శోధనలో నిలిపింది.

ఆహారంలో వైవిధ్యం పెరిగి, చికిత్స తేలికై, బెరిబెరి మనవైపు క్రమంగా అరుదైపోయింది. తెల్లబియ్యంపై మోజు మాత్రం తగ్గలేదు. ప్రభుత్వ పథకాల బియ్యానికి పోషకాలు చేర్చి ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించారు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 తప్పక కలపవలసినవి. థయామిన్ ఆ మూడింటిలో లేదు. ఒక మరతో తీసివేసి, మరొక మరతో కొంత తిరిగి చేర్చడం మన నాగరికత!

బడిలో బొటాబొటి మార్కులను ‘అత్తెసరు మార్కులు’ అని చిన్నచూపుగా అనేవాళ్ళం. నిజానికి కొలిచిన నీళ్ళు పోసి, గంజి వార్చకుండా ఇగిర్చే అత్తెసరు వంటే గింజలోని సారాన్ని దక్కించేది. తీరాంధ్ర పల్లెలలో బెరిబెరిని, బాలింతలను, శిశువులను గురించి పెద్దలు వాడిన నాటు పేర్లు, పథ్యాలు మీలో ఎవరికైనా జ్ఞాపకముంటే దయచేసి వ్రాయండి. ఆ మాటలు కూడా గంజి వెంట పోకుండా ఉండాలి.