కొండెక్కిన ముగ్గురు ఆడవాళ్ళు

ఒంగోలులో ఒక చిన్న కొండ ఉంది. క్రైస్తవులు దాన్ని ప్రార్థన కొండ అంటారు. 1854 జనవరి 1న తెల్లవారేసరికి ఐదుగురు మనుషులు ఆ కొండెక్కారు. నెల్లూరు నుంచి ఊళ్ళు తిరుగుతూ వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు క్రైస్తవుడు, జూలియా, రూతు. అంతకు ముందు ఏడాదే, ఫలితం లేని ఈ తెలుగు మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. ఆ కొండ మీద వీళ్ళు ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, జాన్ క్లవ్ వచ్చి ఒంగోలులో కాపురం పెట్టాడు.

ఈ కథ నేను చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతిసారీ అది జూయెట్ దొర ప్రార్థన. ఆ ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళని లెక్కపెట్టడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. జూలియా, రూతు ఆ పొద్దున ఏ మాటల్లో ప్రార్థించారో ఎవరైనా రాసి ఉంటే నేను చూడలేదు. దొర మాటలైతే దొర సంగతే, కానీ తెలుగులో పుట్టి పెరిగిన ఆ ఇద్దరికి అడగడానికి తమ సొంత కోరికలు ఏవో ఉండవా?

మతం మార్పిడి చరిత్రని మనం రెండు రకాలుగా వింటాం. చర్చిలో వినేది చీకట్లోంచి వెలుగులోకి వచ్చిన కథ. బయట వినేది గంజి కోసం, గోధుమల కోసం మారిన కథ. రెండింటిలోనూ మాదిగపల్లె ఒక ఖాళీ పాత్ర, ఎవరో వచ్చి నింపాల్సిందే. కనిగిరి వైపు తాళ్ళకొండపాడులోని ఎర్రగుంట్ల పేరయ్య సంగతి చూస్తే ఈ రెండు కథలూ నిలవవు. క్రీస్తు గురించి వినకముందే ఆయన రాజయోగం సాధన చేసినవాడు. ఆయనకి అది నేర్పింది వీరమ్మ అనే స్త్రీ. పల్లెల్లో తిరుగుతూ శిష్యుల్ని తయారుచేసుకునే ఆడగురువులు ఉన్న నేల అది. పేరయ్య బాప్తిస్మం తీసుకుని ఊరూరా తిరిగి బోధించినప్పుడు ఆయన భార్య నాగమ్మ కూడా ఆ దారిలో నడిచింది. 1867 జనవరిలో ఆ ఊళ్ళో ఒక్కసారే ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు. క్లవ్ దొర అక్కడికి వెళ్ళేసరికే వాళ్ళు వెతుకులాటలో ఉన్నారు.

ఇదంతా మనకి అందించింది కూడా ఒక స్త్రీయే. ఎమ్మా రౌషెన్‌బుష్ స్విట్జర్లండులోని బెర్న్ విశ్వవిద్యాలయంలో మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకుంది. భార్యని పోగొట్టుకున్న క్లవ్‌ని 1894లో పెళ్ళి చేసుకుంది. వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె పుస్తకం 1898లో వచ్చింది. మాదిగల జీవితాల మీద రాసిన 'వైల్ సూయింగ్ శాండల్స్' మరుసటి ఏడాదే, 1899లో. స్త్రీల హక్కుల గురించి ఆలోచించిన బుర్రే చెప్పులు కుట్టేవాళ్ళ ఇళ్ళలో కూర్చుని కథలు విన్నదంటే నాకు ఆశ్చర్యం కాదు, అసూయ. ఆమె చూపు నిండా మిషనరీ చూపే, కాదనను. అయినా వీరమ్మ పేరు మనకి మిగిలింది ఆ పుస్తకం వల్లే.

క్లవ్ మొదటి భార్య హారియెట్ గురించి ఒక సంఘటన తప్పకుండా చెబుతారు. ఒంగోలులో పై కులాల వాళ్ళు కొందరు క్రైస్తవంలోకి వచ్చేలా ఉన్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రాం అన్నారు. ఏం చెయ్యాలో తోచక క్లవ్ ఒక గదిలో, హారియెట్ ఇంకో గదిలో బైబిలు తెరిచారు. ఇద్దరికీ తగిలింది ఒకటే చోటు: కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, లోకం దృష్టిలో నీచులైన వాళ్ళని దేవుడు ఎన్నుకున్నాడనే భాగం. మాదిగలు లోపలికి వచ్చారు. పై కులాలు పక్కకి తప్పుకున్నాయి. దీన్ని అద్భుతం అంటారు. నాకు అద్భుతంకన్నా ఆ నిర్ణయంలో ఆమె సమానంగా ఉండడమే ముఖ్యంగా కనపడుతుంది. కృప అనే మాటకి ఆ రోజు దక్కిన అర్థం, ఎవరిని బయట నిలబెట్టాలో బలవంతులు చెబితే వినకపోవడం.

కానీ లోపలికి వచ్చినవాళ్ళకి కృప ఉచితం కాలేదు. మూడు నియమాలు పెట్టారు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. చదవడానికి ఎంత తేలిక! ఆదివారం పనికి రాకపోతే కోతల్లో ఆసామి మళ్ళీ పిలవడు. జాతరలో డప్పు కొట్టకపోతే కరణం, రెడ్డి ఊరుకోరు. పని బందయ్యేది, బావి బందయ్యేది. చచ్చిన గొడ్డు మాంసం ఆ ఇళ్ళలో ఎండబెట్టి దాచుకునే తిండి. మొగుడు బాప్తిస్మం తీసుకొచ్చిన రాత్రి నుంచి పొయ్యి మీద ఏం పెట్టాలో తేల్చుకోవలసింది ఆడది. ఈ లెక్క ఏ మిషన్ రిపోర్టులోకీ ఎక్కినట్టు లేదు. విశ్వాసం కోసం మానుకున్నది దేవుడి గదిలో కంటే వంటింట్లోనే ఎక్కువ.

తర్వాత 1876–78 కరువు. సర్వే పని తెలిసిన క్లవ్ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులే మేస్త్రీలయ్యారు. కూలి చేసుకుని బతకనిచ్చాడు గానీ, ఆ కాలంలో బాప్తిస్మాలు ఇవ్వలేదు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. పనులు అయిపోయాక 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం ఆగలేదు. జులై 3 ఒక్కరోజే 2,222 మంది, మూడు రోజుల్లో 3,536 మంది. గంజి క్రైస్తవులు అని ఎద్దేవా చేసేవాళ్ళు ఈ తారీఖులు చూసుకుంటే మంచిది. ఆకలితో ఉన్నవాడు అడిగితే తప్పని అనడం కూడా కడుపు నిండినవాళ్ళ మాటే అనుకోండి, అది వేరే సంగతి.

స్వతంత్రం వచ్చాక లెక్కలు ఇంకో రకంగా రాశారు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే షెడ్యూల్డ్ కులాలు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మన దగ్గర వాళ్ళని బి.సి. 'సి'లో పెట్టారు. పల్లెలో కులం మారదు, కాగితంలో మారుతుంది. అందుకే మా వైపు చాలామంది ఆడవాళ్ళకి రెండు పేర్లు. సర్టిఫికెట్‌లో ఒకటి, చర్చిలో ఒకటి. మా అమ్మమ్మకీ అంతే. బడి రిజిస్టర్‌లో అమ్మని చేర్పించేటప్పుడు మతం దగ్గర ఏం రాయాలని అడిగితే ఆమె తలొంచుకుని నిలబడిందట. ఆ అబద్ధానికి ఆదివారం చర్చిలో ఏడ్చేదట.

ఆ ఏడుపుని నేను ఒకప్పుడు భయం అనుకున్నాను. కూతురు చదువు కోసం అబద్ధమాడి, దాన్ని దేవుడి ముందు దాచకుండా చెప్పుకోగలగడం భయం కాదని ఇప్పుడు అనిపిస్తోంది. అమ్మమ్మ పూటకి వండేముందు కుండలోంచి పిడికెడు బియ్యం తీసి పక్కన వేరే డబ్బాలో పోసేది. ఆదివారం అది చర్చికి వెళ్ళేది, అక్కడి నుంచి ఎవరి పొయ్యి వెలగలేదో వాళ్ళింటికి. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజు కూడా పిడికిలి చిన్నదయ్యేది గానీ చెయ్యి ఆగేది కాదు. మా తాతకి ఈ డబ్బా సంగతి తెలియదు.