పెద్దబాపు నడిచిన పట్టాలు

మోస్రాకు రైలు పట్టా లేదు. అయినా మన బడి మిత్రుల్లో రైలు అనగానే బోధన్ ప్యాసింజర్‌ను తలుచుకోనివారు తక్కువ. ఆ లైను చరిత్ర మన పొలాల చరిత్ర కూడా. ఈ స్వర్ణోత్సవ సంచికలో అది కొంతైనా ఉండాలని రాస్తున్నాను.

అన్నిటికీ మొదలు నీళ్లు. 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. మంజీర నీళ్లు కాలువల్లో పారాయి. కోస్తా జిల్లాల రైతులు వచ్చి వర్ని చుట్టూ క్యాంపులు వేసుకున్నారు. వరితో పాటు చెరకు పెరిగింది. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. నరికిన చెరకు ఆలస్యమైనకొద్దీ అందులో చక్కెర తగ్గిపోతుంది. అందుకే మిల్లు చేనుకు దగ్గరగా ఉండాలి. తయారైన చక్కెర మాత్రం దూరపు బజార్లకు పోవాలి. ఆ పని చేసింది జానకంపేట దగ్గర సికింద్రాబాద్-మన్మాడ్ లైను నుంచి చీలి బోధన్ చేరే మీటర్ గేజి శాఖ.

మా పెద్దబాపు ఆ లైనులో ఎడపల్లి వైపు కీమెన్. సెలవుల్లో ఆయన వెంట నడిచేవాణ్ని. భుజాన సుత్తె, చేతిలో స్పానర్. తెల్లవారుజామున బయలుదేరి ఒక్కో తాళాన్ని సుత్తెతో తట్టేవాడు. గట్టిగా బిగిసినదైతే ఖంగుమనేది, వదులైతే బొంగురుగా పలికేది. ఎండాకాలం పట్టాలు సాగుతాయని అతుకుల దగ్గర సందు చూసేవాడు. వానాకాలం నల్లరేగడి ఉబ్బి కంకర కుంగిన చోట ఎర్రగుడ్డ పాతేవాడు. తర్వాత నేను కాలేజీలో చదివిన ట్రాక్ ఇంజనీరింగ్‌లో సగం ఆయన నోట ముందే విన్నదే.

"రాసుకో బిడ్డా, నేను పోయినంక ఎవలు చెప్తరు?" అనేవాడు. రాస్తాను అన్నాను. ఉద్యోగం, బదిలీలు, పిల్లల చదువులు అడ్డం వచ్చాయి. మీటర్ గేజి పోయి బ్రాడ్ గేజి వచ్చింది. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. అప్పటికే పెద్దబాపు లేడు. నేను రాసుకున్నది ఒక్క పేజీ లేదు.

ఇలాంటి కథే వేల్స్ దేశంలో ఇంకోలా నడిచింది. అక్కడి టాలిలిన్ రైల్వే 1865లో పలకరాయి గని కోసం వేసిన చిన్న లైను. పట్టాల మధ్య వెడల్పు 686 మిల్లీమీటర్లే. 1946లో గని మూతపడ్డా యజమాని హేడన్ జోన్స్ తాను బతికినంత కాలం రైలు నడిపించాడు. 1950లో ఆయన పోయాడు. అప్పటికి పట్టాల మీద గడ్డి పెరిగింది, నడిచే ఇంజన్ ఒక్కటే మిగిలింది. అదే సంవత్సరం అక్టోబర్‌లో టామ్ రోల్ట్ అనే ఇంజనీరు, రచయిత, ఆయన మిత్రులు బర్మింగ్‌హామ్‌లో సభ పెట్టి సంఘం కట్టారు. 1951 మే 14న స్వచ్ఛంద కార్యకర్తల చేతుల్లో మళ్లీ రైలు కదిలింది. స్వచ్ఛంద కార్యకర్తలు కాపాడుకున్న రైల్వేల్లో ప్రపంచంలో అదే మొదటిది. నేటికీ నడుస్తోంది.

మనం అలా రైలు నడపగలమని నేను అనను. అది ఒక యజమాని సొంత లైను, ఆయన కుటుంబం సంఘానికి అప్పగించింది. మన లైను భారతీయ రైల్వేది. కానీ టాలిలిన్‌లో ఇంకో సంగతి ఉంది. కొత్తగా వచ్చినవారికి ఆ లైను తీరు తెలిసిన పాత ఉద్యోగులు కొందరు తోడున్నారు. పాతవాళ్లు ఉండగానే కొత్తవాళ్లు వచ్చారు. మన దగ్గర నేను ఆలస్యం చేశాను.

ఇంకా సమయం ఉంది. మన బ్యాచ్‌ల ఇళ్లల్లో గ్యాంగ్‌మెన్, పాయింట్స్‌మెన్, ఫ్యాక్టరీ ఫిట్టర్లు, చెరకు బండ్లు తోలిన పెద్దలు ఉన్నారు. ప్రతి బ్యాచ్ నుంచి ఇద్దరు ముందుకు వస్తే వాళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయవచ్చు. పాత టికెట్లు, ఫొటోలు, తూకం చీటీలు ఉంటే నకళ్లు తీసి బడి లైబ్రరీలో ఒక బీరువాలో పెట్టవచ్చు. బీరువా ఖర్చు నాది. పెద్దబాపు సుత్తె ఇంకా మా ఇంట్లోనే ఉంది. అందులో మొదటి వస్తువుగా దాన్ని తెచ్చి ఇస్తాను.